అడుగున ఉన్న చిన్న అక్షరాలు

మోంటెవిడియోలో ఆదివారం సంత. ఆగస్టు చలి.
నది మీంచి వచ్చే గాలి
నా పాత రేడియోల మీది గుడ్డని మాటిమాటికీ ఎత్తిపోస్తోంది.
పక్క బల్ల నీబియాది.
ఆమె ఏమీ అమ్మదు.
బల్ల మీద ఒక పెన్‌డ్రైవ్,
మాతె ఆకు నానుతున్న బుర్ర,
అంచులు నలిగిన గళ్ళ నోటుపుస్తకం.

కొనబోయేవాళ్ళు ముందు ఆమె దగ్గర ఆగుతారు.
ఇది లినక్స్‌తో పొసగుతుందా?
మరి ఈ ప్రింటర్?
పెట్టెనడిగితే పెట్టె చెప్పదు,
దాని మీద పళ్ళన్నీ కనబడేట్టు నవ్వే ఒక కుటుంబం ఉంటుంది, అంతే.
కొట్టు కుర్రాణ్ణడిగితే
"అన్నిట్లోనూ పనిచేస్తుంది" అంటాడు.
వాడి లెక్కలో అన్నీ అంటే రెండు.

నీబియా పెన్‌డ్రైవ్ గుచ్చుతుంది.
నల్లటి తెర మీద తెల్లక్షరాలు
వానకి ముందు చీమల్లా బారులు తీస్తాయి.
గొంతు పలుకుతోందా, కెమెరా కన్ను తెరిచిందా చూసి
మూత మూస్తుంది.
ఒక గుక్క మాతె. మళ్ళీ తెరుస్తుంది.
"నిద్రపోవడం అన్నిటికీ వచ్చు,
లేవడమే కొన్నిటికి చేతకాదు."

పుస్తకంలో ఆమె రాతలు:
పచ్చ స్కానర్, పనిచేస్తుంది, రెండుసార్లు తట్టాలి.
టీవీ కార్డు, బొమ్మ వస్తుంది, మాట రాదు, మా ఆయనలాగే.
పెద్ద ప్రింటర్, వద్దు. మళ్ళీ అడగొద్దు.

జూన్‌లో ఎలిబెర్తో వచ్చాడు, కుర్చీలకి పేము అల్లేవాడు.
ఆమె మాట మీద, కూతురి చదువుకని కొన్న వైఫై ముక్కని
బల్ల మీద పెట్టాడు.
తిట్టలేదు. రెండు రోజుల కూలి అన్నాడు, అంతే.
అదే పేరు. అదే నంబరు. అదే నవ్వే కుటుంబం.

నా స్క్రూడ్రైవరు అడిగి తీసుకుంది.
భూతద్దం కింద చూస్తే లోపలి చిప్పు వేరేది.
కంపెనీ మార్చేసింది, చెప్పాపెట్టకుండా.
పైన పటారం, లోన లొటారం అన్నాన్నేను.
ఆమె నవ్వలేదు.
తన ల్యాప్‌టాప్‌కున్న ముక్క పీకి అతని చేతిలో పెట్టింది.
తర్వాత చాలాసేపు ఆ పుస్తకం తిరగేస్తూ కూచుంది,
"పనిచేస్తుంది" అన్న ప్రతి మాటనీ
ఎవరో అప్పు అడిగినట్టు చూస్తూ.

అప్పట్నించి ప్రతి రాత పక్కనా తేదీ వేస్తోంది.
"ఇది నేను చూసిన రోజు మాట" అని చెప్పి మరీ చెబుతోంది.
"అడుగున చూడు. రెండో కూర్పు అని ఉంటే, కొనకు."

ఇవాళ ఎదురు కొట్టులో ఒక పిల్లాడు
పెట్టెని తలకిందులు చేసి, ఎండకి పట్టి,
చీమ తలకాయంత అక్షరాలని
పెదాలు కదుపుతూ చదువుకున్నాడు.
బుర్రలో వేన్నీళ్ళు పోస్తున్న నీబియా చెయ్యి ఆగిపోయింది.
వాడు పెట్టెని ఉన్నచోటే పెట్టేసి,
జేబులో చేతులు దోపుకుని
మా ముందునించే వెళ్ళిపోయాడు.
ఆమెని ఏమీ అడగలేదు.

నా రేడియో ఒక్కటీ పోలేదు ఇవాళ.
అయినా నాకూ ఒక గుక్క మాతె దొరికింది.