పదహారు పేజీలు తక్కువ

ఈ నెల నాలుగు పుస్తకాలు చదివాను.
మూడున్నర అనాలేమో,
అదీ ఖాయంగా చెప్పలేను.

పొద్దున అయిదున్నరకే నా పని మొదలు.
సైదాబాద్ నుంచి మలక్‌పేట దాకా
ఇంటింటికీ తిరిగి రక్తం తీసుకుంటాను,
పరగడుపున కూచున్నవాళ్ల విసుగు కూడా.
స్కూటీ డిక్కీలో ఐసు పెట్టె, దాని పక్కన పుస్తకం.
తలుపు తీసేలోపు అర పేజీ,
లిఫ్టు రాకపోతే ఒక పేజీ.

మొదటిది నిద్ర గురించి.
ఎనిమిది గంటలు పడుకోకపోతే
మెదడులో చెత్త ఊడ్చేవాళ్లు రారట.
రాత్రి ఒంటిగంట దాకా మేలుకుని మరీ చదివాను.
రాసినాయన పెద్ద డాక్టరే, కాదనను.
కానీ ఆయన వీధిలో
తెల్లవారుజాము మూడున్నరకి నల్లా వదలరనుకుంటా.

రెండోది పావురాల మీద.
ఎంత దూరం తీసుకెళ్లి వదిలినా
ఇల్లు ఎలా కనుక్కుంటాయో
రెండువందల ఎనభై పేజీలు చెప్పి
చివర్న, ఇంకా సరిగ్గా తెలియదన్నాడు.
తెలియదని చెప్పడానికి అంత దూరం నడిపించినవాణ్ణి
ఎందుకో తిట్టబుద్ధి కాలేదు.
ల్యాబుకి పోతూ మొజంజాహి మార్కెట్ సిగ్నల్లో
గడియారం మీంచి లేచే గుంపును
ఇప్పుడు కొంచెం మర్యాదగా చూస్తున్నాను,
నా సీటు మీద రెట్ట వేసిందాన్ని తప్ప.

మూడోది డబ్బు.
రోజూ తాగే టీ మానేస్తే
ముప్పై ఏళ్లకి ఎంతవుతుందో పట్టిక వేసి చూపించాడు.
మా వాచ్‌మన్ మొగులయ్యకి చదివి వినిపించాను.
సాసర్లో ఊదుకుంటూ విన్నాడు.
"ముప్పై ఏండ్లు చాయ్ లేక బతికినోనికి
గన్ని పైసలెందుకమ్మా?"
నలభై ఏడో పేజీలో బస్సు టికెట్టు పెట్టి మూసేశాను.
ఇదొక అర.

నాలుగోది నవల.
ఆదివారం అబిడ్స్‌లో, షట్టర్ దించిన బట్టల కొట్టు ముందు
మునవ్వర్ భాయ్ దగ్గర నలభై రూపాయలు.
అట్ట లేదు. రాసిందెవరో తెలియదు.
ఏదో రేవు ఊళ్లో గడియారాలు బాగుచేసే ఒకామె,
ఎవరూ వచ్చి తీసుకెళ్లని వాటికి కూడా
రోజూ కీ ఇస్తుంది.
అంతే కథ.
ఎవరన్నా హత్య చేస్తారేమోనని నూరు పేజీలు చూశాను.
చేయలేదు.
చూడ్డం మానేశాక బాగుంది.

ఒకచోట అంచున పెన్సిల్‌తో ఎవరో రాశారు:
"అబద్ధం. కీ ఎక్కువైతే స్ప్రింగు తెగుతుంది."
యాభై పేజీల తర్వాత అదే చేతిరాత:
"సరే."
ఏ పూట, ఏ వీధిలో, ఏం గుర్తొచ్చి
ఆ మనిషి సరే అన్నాడో.
లేక అన్నదో.

"ఆమె తలుపు దగ్గరికి వెళ్లి" అన్న మాట దగ్గర
పుస్తకం అయిపోయింది.
"ఒక ఫారం ఊడిపోయింది మేడమ్,
అందుకే నలభై" అన్నాడు మునవ్వర్ భాయ్.
ఆ వచ్చే ఆదివారం పిలిచి మరీ
కుట్లు విడిన పదహారు పేజీలు చేతిలో పెట్టాడు.
"ఇవి సరిపోతాయేమో చూడండి."
వేరే పుస్తకానివి.
ఇద్దరన్నదమ్ములు బావి వాటా కోసం
కోర్టు మెట్ల మీద కూచున్నారు, వకీలు ఇంకా రాలేదు.
నిలబడే చదివేశాను.
కాసేపు, ఆమె తలుపు తీసింది
వీళ్లకేనేమో అనిపించింది.
డబ్బులు తీసుకోలేదు.

మూసారంబాగ్‌లో మాణిక్‌రావు గారికి సూదంటే భయం.
గోడ వైపు తిరిగి, ఏదన్నా చెప్పమ్మా అంటారు.
నిన్న గడియారాలామె గురించి చెప్పాను.
ట్యూబు నిండుతోంది,
ఆమె తలుపు దగ్గరికి వెళ్లింది,
దూది పెట్టి మోచెయ్యి మడిచాను.
"తర్వాత?" అన్నారు, ఇంకా గోడ వైపే చూస్తూ.

సాయంత్రం ఆరింటికి రిపోర్టు వస్తుందండీ అన్నాను.