నొసటి ముద్ర

సూజున్‌లో మంచు కరిగాక
బంగాళదుంపల మడుల్లో ముందుగా మొలిచేవి నాణేలు.
రెండున్నర శతాబ్దాల నాటి టంకశాల
ఎప్పుడో తగలబడిపోయింది గానీ
చిల్లర ఇవ్వడం మాత్రం ఆపలేదు.

నేను పోస్టు బండి తోలుతాను.
ఏ గడప కింద ఏ ఏడాది దాగుందో
ఉత్తరాల కన్నా ముందే నాకు తెలుస్తుంది.
పెన్షన్లు పంచి రమ్మంటే
పాతర్లు తవ్వి వస్తాడీ మనిషి అంటుంది
మా ఆవిడ అగ్లయ.

నా ఆల్బంలో దమ్మిడీ అంత పొలుష్కా నుంచి
అరచేతిని కిందికి లాగే పది కోపెక్కుల బిళ్ళ దాకా
అన్నీ రాగివే.
ఆ రాగిలో వెండి ఉంది, ఇసుమంత బంగారమూ ఉంది.
విడదీయడం గిట్టుబాటు కాక
అలాగే కరిగించి పోశారట.
ఉరల్ కొండలు దాటితే చెల్లని డబ్బు.
ఇటువైపు ఉప్పుకీ, గుర్రాలకీ, చలికీ చెల్లింది.
బొరుసు మీద రాణి పేరు, పొడి అక్షరాల్లో.
బొమ్మ మీద రెండు సేబుళ్ళు.
ముంగిస మొహం, మంచులో దొర్లిన బొచ్చు.
ఏ బొచ్చు కోసం ఈ అడవుల్ని గాలించారో
ఆ బొచ్చుతోనే నిలబడి
డాలు పట్టుకున్నాయి.

ఒక్క గది ఖాళీ.
పదిహేడు వందల డెబ్బై ఎనిమిది, పది కోపెక్కులు.

అది స్తెపనీద లుకీనిచ్న ఇంట్లో ఉందని
తొమ్మిదేళ్ళుగా తెలుసు.
ఏ పిల్లాడి నుదురు బొప్పి కట్టినా
ఏడుపుతో సహా తెచ్చి ఆమె గుమ్మంలో నిలబెడతారు.
నేలమాళిగ చల్లదనంలోంచి ఆ బిళ్ళ తీసి
బొప్పి మీద అదిమి పట్టుకుని
ఏడుపు ఆగేదాకా లెక్కపెడుతుంది.
తిఖోన్ గాడికి నూట పన్నెండు దాకా పట్టిందట.

మొన్న అక్టోబరులో వెళ్ళాను.
పెన్షన్ లెక్కపెట్టి బల్ల మీద పెట్టి
పక్కనే నా సొంత డబ్బు, అంతకు మూడింతలు, పేర్చాను.
ఆమె పెన్షన్ నోట్లు ఏరుకుంది.
మిగతావి నా వైపు తోసింది
రొట్టె పొడిని తుడిచినట్టు.
"ఇది కాగితం కదా రొదియోన్,
బొప్పి మీద పెడితే చల్లగా ఉంటుందా?"

చూడనిచ్చింది మాత్రం.
ఏడాది చెక్కుచెదరలేదు,
సేబుళ్ళ వీపులు కొంచెం నున్నబడ్డాయి.
ఇలా అరిగితే మా లెక్కలో
ధర సగానికి పడిపోతుందని చెప్పాను.
"పడిపోనీ.
పడ్డవాళ్ళ కోసమే కదా అది."

రోషంగా లేచాను.
పాత ఇల్లు, పొట్టి గుమ్మం, పొడుగు మనిషి.
కళ్ళ ముందు లోహాలన్నీ ఒక్కసారిగా మెరిశాయి.

అరవైకి దగ్గర పడుతున్నవాణ్ణి
పిల్లాడిలా పీట మీద కూర్చోబెట్టి
అరవై అయిదు గ్రాముల సైబీరియాని
నా నొసట అదిమింది.
ఒకటి. రెండు.
ఏడు దగ్గర దగ్గొచ్చింది, మళ్ళీ ఏడు అంది.
ముప్ఫై దాటాక ఎందుకొచ్చానో మర్చిపోయాను.
యాభై దగ్గర అనుకున్నాను,
ఈ రాగిని మొదటిసారి చల్లారబెట్టినవాడి
కాలిన వేళ్ళ మీద ఎవరైనా
ఏదైనా పెట్టారా అని.

బండి అద్దంలో చూసుకున్నాను.
ఎర్రటి వలయం, లోపల గుంటలు పడ్డ సేబుళ్ళు.
చర్మం మీద తిరగబడ్డ అంకెలు
అద్దంలో ఇంకోసారి తిరగబడి
సరిగ్గా నిలబడ్డాయి.
అచ్చుకి ఉండే లోతు, అచ్చుకి ఉండే కుడి ఎడమలు
అన్నీ నా తోలుకి వచ్చాయి.
నొసటి రాత ఎవడూ చదువుకోలేడంటారు.
నేను చదివాను,
సంవత్సరంతో సహా.

ఇంటికి పదకొండు కిలోమీటర్లు.
గోతులు లెక్కచేయకుండా తోలాను
చెరిగిపోయేలోగా చూపించాలని.
అగ్లయ నన్ను దీపం దగ్గరికి లాక్కుంది.
అప్పటికి ఒక్క సేబులే మిగిలింది,
అదీ తోక లేకుండా.

చాలాసేపు చూసింది. పిండి అంటిన బొటనవేలితో
మెల్లగా తడిమింది.
"దీనికి చిల్లర
ఎవరిస్తారు నీకు?" అంది.