పసుపు గీత

నిన్నటిదాకా టెనెసీ ఏటి ఒడ్డున
ఉత్త పంపుల ఫ్యాక్టరీ.
ఇవాళ ఉత్తర్వొచ్చింది:
కంచె లోపలి పదకొండెకరాలూ
సుంకం లెక్కలో పరదేశం.

వెర్లీన్ లంచ్ డబ్బా ఊపుకుంటూ
రోజూలాగే గేటు దాటింది.
"పాస్‌పోర్టేదీ?" అన్నాడు కాపలా క్లైడ్,
తన జోకుకి తనే దగ్గొచ్చేదాకా నవ్వి.

కొరియా బేరింగు ఆమె బల్ల మీదే ఉంది.
నూనె వేళ్లకి అంటుతోంది.
కాగితం మాత్రం
అదింకా ఈ దేశంలో అడుగే పెట్టలేదంటోంది.
పంపులో ఒదిగి, రంగేసుకుని, లారీ ఎక్కి
గేటు దాటిన రోజే వచ్చినట్టు.
అప్పటిదాకా పన్నడిగేవాడు లేడు.

ముప్ఫై ఒక్కేళ్లుగా వెర్లీన్ జీతం
చేతికందకముందే కోతపడి వస్తోంది.

రెండో షిఫ్టు ఉంటుందట, బోర్డు మీద రాశారు.
మూడో షిఫ్టుతో పాటే పోయిన
తమ్ముడు ఓరిన్ పేరు
లాకరు మీద ఇంకా సగం కనిపిస్తోంది.

సైరన్ మోగేసరికి
గడపకి పసుపు పూసినట్టు
గేటు పొడుగునా కొత్త గీత, తడారలేదు.
చూసుకోకుండా తొక్కేసింది.

ఇంటి ముందు పట్టా మీద
మడమ రుద్దింది, రుద్దింది.
పూర్తిగా పోలేదు.