దిగే పాట

మా రేవులో వేలంపాట పైనుంచి కిందికి దిగుతుంది.
ముందు పెద్ద ధర, తర్వాత మెట్టు మెట్టుగా తగ్గుదల,
ఎవడో ఒకడు "నాది" అనేదాకా.

ముప్పై ఒక్క ఏళ్లు ఆ మెట్లు దిగిన గొంతు అమారోది.
మల్పీకా చేపల షెడ్డులో, ఇంకా తెల్లారక ముందే,
తడి సిమెంటు మీద పెట్టెలు, పెట్టెల్లో కానాగంతలు.
నలభై, ముప్పై తొమ్మిదిన్నర, ముప్పై తొమ్మిది,
ఊపిరికి సందు లేకుండా అంకెలు రాల్చేవాడు.
నేను గట్టు మీద వలలు కుడుతూ
ఆ గొంతును బట్టే చెప్పేదాన్ని
ఇవాళ కవళ్లు చవకో ప్రియమో.

కొరున్యా ఆస్పత్రిలో
ఉషీయా అనే పిల్ల, మాటల వైద్యురాలు,
"నూరులోంచి ఏడేసి తీసేస్తూ రండి" అంది.
నూరు, అన్నాడు. తొంభై మూడు.
తొంభై మూడు.
తొంభై మూడు.
మెట్టు మీంచి కాలెత్తినవాడు
దించడం మరిచి అక్కడే నిలబడ్డాడు.

బొమ్మ చూపించింది.
అమ్మాయి, అన్నాడు. కూజా. గ్లాసు. నీళ్లు.
"అమ్మాయి ఏం చేస్తోంది?"
నీళ్లు, అన్నాడు మళ్లీ, తప్పు చేసినవాడిలా.

వస్తువుల పేర్లు ఇంకొన్నాళ్లు ఉంటాయట.
కొందరిలో పనుల మాటలే ముందు జారుకుంటాయట:
వంపడం, విసరడం, లాగడం, ముడి వేయడం.
చేతులు వణికే జబ్బనుకున్నాను నేను.
చేతులు చేసే పనుల పేర్లు కూడా
వణుకుతాయని నాకెవరు చెప్పారు?
మా ఇంట్లో వాక్యాలన్నీ ఇప్పుడు అసమాపకాలే.
తలుపు తీసి,
చెప్పులు చూసి,
వాన అని...
అక్కడే, గుమ్మంలోనే.

గట్టిగా చెప్పమంటే "నీకే చెవుడు" అంటాడు.
షెడ్డు రేకులు అదిరించిన గొంతు
చొక్కా పై గుండీ దాటి రాదు.
ఆయన చెవికి మాత్రం
ఇంకా అరుస్తున్నట్టే ఉంటుందట.

నడుస్తూ మాట్లాడలేడు. ఏదైనా అడిగితే ఆగిపోతాడు.
అందుకే అలలగోడ మీద ఏమీ అడగను,
ప్రశ్నను బెంచీ దాకా మోసుకెళ్తాను.
ఒక్కోసారి బెంచీ చేరేసరికి
ప్రశ్న నేనే మరిచిపోతాను. ఇద్దరం కూర్చుంటాం.

నేను తొందర మనిషిని.
ఆయన నోరు తెరిస్తే చాలు, మిగతాది నేనే అనేస్తాను:
కోటా? కిటికీ మూయాలా? రొట్టె?
కాదన్నట్టు ఒక కనురెప్ప.
ఆ ముఖంలో మిగిలిన గాలీ వానా అదొక్కటే.
మొన్న రాత్రి ఆ రెప్ప కూడా వేయలేదు.
సరే, నువ్వు అన్నదే, అన్నట్టు
నేనిచ్చిన కోటు తొడుక్కుని
పక్క మీద కూర్చున్నాడు, చాలాసేపు.

అప్పుడు గుర్తొచ్చింది.
కొత్తగా వచ్చిన కొనుగోలుదార్ల గురించి
ఈయనే నవ్వుతూ చెప్పేవాడు:
"పాపం, ఆగలేరు. దిగే పాటలో
ముందు నోరు విప్పినవాడే ఎక్కువ కడతాడు."

ఇవాళ చారు దగ్గర తలెత్తాడు.
ఉప్పు, అన్నాడు.
నా చేయి డబ్బా మీదికి వెళ్లిపోయింది. ఆపాను.
నలభై. ముప్పై తొమ్మిదిన్నర.
లోపల నేనే పాడుకుంటున్నాను.
చారు మీద కొవ్వు తెట్టు కడుతోంది.
ఇరవై రెండు. వీధిలో ఎవరిదో స్కూటరు.
పదహారు. పదిహేనున్నర.
నీ జుట్టులో, అన్నాడు.
పదకొండు.
పది.
ఎండింది.

తడిమి చూసుకున్నాను. నిజమే,
పొద్దున్న గట్టు మీద అల చిమ్మింది,
చెవి వెనక తెల్లటి గరుకు.

"నాది" అనబోయి ఊరుకున్నాను.
ఆయన నోరు ఇంకా కొంచెం తెరిచే ఉంది.