పన్నెండు గంటల నీళ్ళు

ఊటుకూరు పట్టపుపాళెం నుంచి
తొమ్మిది కిలోమీటర్లు లోపలికొచ్చాక
తిరుపాలు మామ ఇంజను ఆపేశాడు.
ఆగిన చప్పుడు చోటున సముద్రం మొదలైంది.

పన్నెండింటికి పైనుంచి ఉపగ్రహం పోతుంది.
అది చూసే నీళ్ళనే, అది చూసే వేళకే
నేను సీసాలో పట్టాలి.
నా జీతం ఇందుకే:
ఆకాశం చెప్పింది నిజమో కాదో
బకెట్టు ముంచి చూడ్డం.

తెల్ల పళ్ళేన్ని తాడుకట్టి దించాను.
ఒక బార, రెండు బారలు,
మూడో బారలో పళ్ళెం పచ్చబడి, మసకై,
లేదు.
"అన్నం పెట్టకుండా పళ్ళెం దించితే
ఎవురొస్తారు మే?" అన్నాడు.
నాలుగు మీటర్ల ఎనభై, రాసుకున్నాను.

"ఏముండాది ఆ సీసాలో?"
గడ్డి, అన్నాను.
కంటికానని గడ్డి. వేరుండదు, గట్టుండదు.
ఎండ తిని బతుకుతుంది.
దాన్ని రొయ్యపిల్లకన్నా చిన్నవి మేస్తాయి,
వాటిని కవళ్ళు, కవళ్ళని వంజరం,
వంజరాన్ని నెల్లూరు.
"నెల్లూరుని?"
నేను మాట్లాడలేదు.

సీసా ఎండకెత్తి చూశాడు.
"ఏం లేదే. ఉత్త నీళ్ళు."
చెంచాడు నీళ్ళలో వేలుంటాయి మామా,
విడిగా ఒక్కటీ కనపడదు.
అన్నీ కలిస్తే మాత్రం
సముద్రం నీలం తగ్గి పచ్చకి తిరుగుతుంది.
ఆ తిరుగుడు, వందల కిలోమీటర్ల మీదున్న
ఆ కంటికి తెలుస్తుంది.

"మన శ్రీహరికోట నించి లేచిందేనా?"
అదో, దాని తోబుట్టువో.
"మరి మనం అగపడతామా దానికి?"
లేదు మామా. అది చూసేది గళ్ళు గళ్ళుగా,
ఒక్కో గడి ఒక కిలోమీటరు.
పాళెంలో పడవలన్నీ వరసకట్టినా
ఒక గడిలో మునిగిపోతాయి.

గాలికి బీడీ అంటుకోడానికి
మూడు అగ్గిపుల్లలు పట్టింది.
"మనకన్నా చిన్నయ్యి అగపడతాయి,
మనం అగపడం."
అవి కోట్లు మామా.
"అయితే మనం చిన్నోళ్ళమై కాదు,
తక్కువై అగపడ్డంలా."

పోయిన అక్టోబరులో పటం మీద
పెన్న మొగ చుట్టూ చిక్కటి ఆకుపచ్చ.
ఆఫీసులో సంబరపడ్డాం.
మేత పెరిగింది, చేపలుంటాయి పొండని
పాళెం బోర్డు మీద సుద్దతో రాయించాం.
డీజిలు పోసుకుని ఇరవై పడవలు పోయాయి.
వలల్లో తాటిమట్టలు, ఒక కాలి చెప్పు.
బోర్డు ముందు నిలబడి, కోపం లేకుండా
ఈయనే చెప్పాడప్పుడు:
"సోమశిల గేట్లెత్తారు మే. అది పచ్చ కాదు, ఒండ్రు.
నోట్లో ఏసుకుంటే పళ్ళకింద కరకరమంటాది.
మీ పైనోడికి నోరు లేదు గదా."

అప్పట్నుంచీ ఈ పడవే ఎక్కుతున్నాను.

పదకొండు నలభై. ఈశాన్యాన మబ్బు.
పదకొండు యాభై, ఎండ తెగిపోయింది.
పన్నెండు.
మా నెత్తిమీదుగా పోయే ఉంటుంది,
కింద ఏకిన దూది చూసుకుంటూ.
రేపు పటంలో ఈ గడి ఖాళీ.
నా సీసాకి జత లేదు.

వృథా మామా, అన్నాను.
"ఏందది వృథా? మనం చూశాం గదా."

చేతిపంపుతో వడకట్టిన కాయితం
చూపించమని తనే అడిగాడు.
రూపాయి బిళ్ళంత తెలుపు మీద
అద్దం మీద ఊదిన ఊపిరంత పచ్చ.
వేలు దగ్గరికి తెచ్చి
తాకకుండా వెనక్కి తీసుకున్నాడు.
"రాత్రుళ్ళు వల లాగేటప్పుడు
చేతుల్నిండా మెరుస్తాయే,
అయ్యీ ఇయ్యీ చుట్టాలా?"
దగ్గరి చుట్టాలే.
"మా నాయన వాటిని
సముద్రం పొలుసులు అనేవాడు."

ఇంజను అందుకోవడంలేదు.
ఆయన తాడు లాగుతుండగా లేబులు రాశాను:
తేదీ, లోతు, అక్షాంశం.
ఆకాశం అన్నచోట, మబ్బు.
చూసినవారు అన్నచోట నా పేరు,
గడి ఇరుకైనా, పక్కనే
వాయల తిరుపాలు.