దుబాసీ

బరంపురం మెడికల్లో
పదిహేడో నంబరు గది ముందు
నేనూ నా లోకనాథూ.
వాడి చేతులకి కొబ్బరినూనె రాసి పాత తువ్వాలు చుట్టాను.
కడిగి కడిగి వేళ్ల సందులు పగిలిపోయాయి.
సబ్బు దాచేస్తే బూడిదతో కడిగాడు,
బూడిద దాచేస్తే ఉమ్ముతో.

ఇక్కడికి చేరడానికి రెండేళ్లు పట్టింది.
ఇంటి నుంచి ఆటోలో ఇరవై నిమిషాలే.

ముందు పొగరన్నారు.
వాళ్ల నాన్న మగ్గం గుంటలోంచి లేచొచ్చి
వీపు మీద ఒక్కటిచ్చాడు.
"ఇంకో రెండు కొట్టు నాన్నా, మూడవ్వాలి"
అన్నాడు వీడు, ఏడుస్తూనే.
ఆ పూట నుంచి ఆయన చెయ్యెత్తలేదు.
నాడె కూడా సరిగా ఆడలేదు.

దిగపహండి వైపు నుంచి గుణియాని పిలిపించారు.
నిమ్మకాయలు, నల్లకోడి, పన్నెండొందలు.
పట్టింది ఆడదయ్యమని తేల్చాడు.
మా అత్త నా వైపు చూసింది.

బడా బజారు డాక్టరు నులిపురుగులన్నాడు.
ఇంకొకాయన తలకి ఫొటో తీయించి
ఏమీ లేదన్నాడు.
ఆ "ఏమీ లేదు" ఖరీదు
కుంభం అంచు పట్టుచీర మీద
మా ఇద్దరి పదకొండు రోజుల కూలి.

బళ్లో మాష్టారు మర్యాదగానే అడిగాడు:
"గుమ్మం దాటడానికి పావుగంట చేస్తాడమ్మా,
మీ తెలుగోళ్లలో ఆచారమా?"

చివరికి పోలియో చుక్కలకొచ్చిన కుని దీదీ
వాడి చేతులు చూసి చాలాసేపు వదల్లేదు.
"ఇది చర్మం జబ్బు కాదు.
మంగళవారం మెడికల్‌కి తీసుకెళ్లు,
పిల్లల మనసు చూసే డాక్టరుంటుంది" అంది.
పిచ్చాసుపత్రా అన్నాను.
"పిల్లాడికి నొప్పిగా ఉంది కదా,
బోర్డు మీద ఏముంటే నీకెందుకు?" అంది.

డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది.
బల్ల అవతల కూచోలేదు, స్టూలు ఇవతలికి లాక్కుంది.
ఒడియా బళ్లో ఐదు చదివిన నా కొడుకు
ఆ గదిలో ఒడియా మొత్తం మర్చిపోయాడు.
ఆవిడకి తెలుగు రాదు.
మధ్యలో నేను.

ఎన్నిసార్లు, ఎప్పటినుంచి, నిద్రపోతాడా,
అన్నీ అటూ ఇటూ మోశాను.
అప్పుడడిగింది:
"అలా చెయ్యకపోతే ఏమవుతుందని భయం?"

ఎందుకు చేస్తావురా అని ఊరంతా అడిగింది.
చెయ్యకపోతే ఏమవుతుందని
ఎవరూ అడగలేదు.
నేనూ అడగలేదు.

వాడు నేల మీద పలకలు మూడు లెక్కపెట్టాడు.
"అమ్మ చచ్చిపోద్ది."

ఆవిడ నా నోటి వైపు చూస్తోంది.
పెన్ను ఆగి ఉంది.
ఎవరన్నా వస్తారేమోనని ఒకసారి తలుపు వైపు చూశాను.
ఆ రెండు మాటలూ నేనే చెప్పాలి మరి.
"మా మొరిజిబొ," అన్నాను.

పరాయి భాషలో నా చావు
ఎంత పొట్టిగా ఉందో.

రెండేళ్లుగా ఆ కుళాయి కింద
వాడు కడుగుతున్నది చేతులు కాదు.
ఆ పగుళ్లన్నీ నా ఆయుష్షు లెక్క.
నేను సబ్బు దాచాను.

జబ్బుకి పేరుందంది డాక్టరమ్మ.
చీటీ మీద మూడు ఇంగ్లీషు అక్షరాలు రాసింది.
వాడు మొదటిసారి తలెత్తాడు.
"మూడేనా?"
ఆవిడకేం అర్థమైందో, నవ్వింది.
నేను దాన్ని తర్జుమా చెయ్యలేదు.

రాత్రికి అరమాత్ర. ప్రతి మంగళవారం రావాలి.
గడియ ఒక్కసారే ముట్టి, భయం దిగేదాకా
అక్కడే నిలబడాలి, పక్కన మేం ఉండాలి.
ఇంకొకటి నాకు:
"బతికే ఉంటావు కదా అని అడుగుతాడు.
జవాబు చెప్పకు. చెప్పిన కొద్దీ భయం మేస్తుంది."

చేదుమందు వాడికే అనుకున్నాను.

చీకట్లో పక్క చాప మీంచి గొంతు వస్తుంది:
"అమ్మా, ఉన్నావా?"
గాజులు చప్పుడవకుండా
మణికట్టు గట్టిగా పట్టుకుని పడుకుంటాను.
బతికుండి
మాట్లాడకుండా.

నిన్న రాత్రి
రెండుసార్లే అడిగాడు.
మూడోది కోసం తెల్లారేదాకా విన్నాను.