పాయింటు

థీసిస్ అట్ట మీద బంగారు అక్షరాలు అద్దినందుకు
కమలానగర్ బైండింగు షాపాయన
కాపీకి నాలుగు వందల యాభై తీసుకున్నాడు.
ఆరు కాపీలు. ఐదు యూనివర్సిటీకి.
ఆరోదాన్ని మా అమ్మ బియ్యం డ్రమ్ము మీద పెట్టి
పాత రైక గుడ్డ కప్పింది,
దుమ్ము పడితే అక్షరాల రంగు పోతుందని.

గట్టిరాతి నేలల్లో భూగర్భజలాల మీద
ఏడేండ్లు.
మొదటి గైడు రిటైరైనాడు.
రెండో గైడు సంతకాలకు తిప్పుకున్నాడు.
ఐదో ఏట ఫెలోషిప్పు ఎండింది
మా పక్క బోర్ల మాదిరే, చెప్పాపెట్టకుండా,
ఒక దినం తెల్లారి ఉత్త గాలి తోలింది.

పేరు ముందర డాక్టరు చేరినాక
బెళుగుప్పలో మా పెద్దమ్మ మోకాలు చాపి
మాత్ర రాసియ్యమనింది.
"ఆ డాక్టరు కాదు పెద్దమ్మా."
"మరి ఏ డాక్టరు?"

ఇంటర్వ్యూ బోర్డు కూడా అదే అడిగింది,
రవంత మర్యాదగా.
పేపర్లకు ఇన్ని పాయింట్లు, సెమినార్లకు ఇన్ని,
కూడి, తీసేసి, మళ్ళీ కూడి
అర పాయింటు తక్కువన్నారు.
అర పాయింటు ఎంత లోతుంటుందో
నా మీటరు ఎప్పుడూ కొలవలేదు.

గెస్టు లెక్చరరుగా గంటకు నూటయాభై.
సెలవులకు లేదు, పరీక్షలకు లేదు,
పిల్లోళ్ళు బంద్ చేసిన దినానికీ లేదు.
విజయనగర నాణేల మీద పరిశోధన చేసిన ఇమాంబాషా
రుద్రంపేట బైపాసు పెట్రోలు బంకులో
రాత్రిపూట చిల్లర లెక్కపెడతాడు.
"ఫీల్డువర్కే లే" అంటాడు.
నవ్వుతాడు కూడా.

నాకు ఫోన్లు రాకపోలేదు. ఉద్యోగాలవి కాదు.
"మేడమ్, మిషను పెట్టి నీళ్ళు సూస్తారంట గదా?"
మొదటిది ముత్యాలప్పది.
పదకొండు బోర్లు ఎండిన మనిషి.
ఎవర్నీ నమ్మడు గాబట్టి ఇద్దర్ని పిలిపించినాడు:
డిపార్ట్‌మెంటులో అడుక్కొచ్చిన మీటరు,
నాలుగు ఇనుప గూటాలు, వైర్ల చుట్టతో నన్ను,
అరచేతిలో టెంకాయతో ఓబుళేసును.
"ఇద్దరూ ఒకే తావు సూపిస్తే ఏపిస్తా.
లేకుంటే మజ్జిగ తాగి పొండి."

శెనక్కాయ పీకేసిన చేను. ఎండ.
నేను గూటాలు కొడతా, రీడింగు రాసుకుంటా, మళ్ళీ పీకి మళ్ళీ కొడతా.
ఓబుళేసు చెప్పులిడిచి నడుస్తా ఉన్నాడు,
అరచేతిలో టెంకాయ లేచి నిలబడేదాకా.
మధ్యాన్నానికి నేను పెట్టిన గుర్తురాయీ
ఆయప్ప పెట్టిన రాయీ
ఆరడుగుల ఎడంలో పడినాయి.
ముత్యాలప్ప అంగలేసి కొలిచి
"సరిపాయె" అన్నాడు,
ఇంకా నమ్మకనే.

వేపచెట్టు కింద సద్ది మూట ఇప్పుకుంటా
గొంతు తగ్గించినాడు ఓబుళేసు.
"టెంకాయలో ఏముంది పాపా.
నేను సూసేది పుట్టల్ని.
ఇంత ఎండలోనూ ఆకు వాడని చెట్టుని.
ఆడ కర్రిరాయి గోడ మాదిరి భూమిలోకి పోతాది సూడు,
దాని వాలుని."

అది నా మూడో అధ్యాయం.
నూట పద్దెనిమిది పేజీలు.
ఏడో తరగతిలో బడి మానేసినోడు
రాగిముద్ద తుంచుకుంటా చెప్పేసినాడు.

"మరి టెంకాయెందుకు?"
"నీ పేరు ముందర డాక్టరెందుకు?
అదొకటి చేతిలో లేకుంటే
మనల్ని ఎవురు పిలుస్తారు?"

ఆయప్పకు రెండు వేలు, నాకు పదహైదొందలు.
ఎందుకని అడగలేదు.
ఆడమనిషికి అంత చాలనుకున్నారో,
మీటరు అరువుదని తెలిసిందో.
రిగ్గు రేపొస్తాది.
ఎల్లుండి కర్నూల్లో ఇంకో ఇంటర్వ్యూ,
పోస్టులు రెండు,
మనుషులం మూడొందల నలభై.

పోయేముందు ఓబుళేసు
టెంకాయను నా ఇనుప గూటం మీద కొట్టి
పగలగొట్టినాడు,
ఒక చిప్ప నాకిచ్చినాడు.
ఆ పొద్దు ఆ చేన్లో
మా కండ్లతో మేం చూసిన నీళ్ళు
అవే.